కరెంటు తీసినా ఆగని నీళ్లు

తోటపల్లి గూడూరు దగ్గర మా ఊళ్లో బోరు నీళ్లతో ఇసుక కూడా వస్తుంది. వాషింగ్ మెషిన్‌లోకి నీళ్లు సన్నగా వస్తున్నాయని, పైపు మొదట్లో ఉండే చిన్న జల్లెడను నేనే పీకి పారేశాను. రెండో తరగతితో బడి మానినా, మెకానిక్‌ను పిలిచి డబ్బు దండగ చేసే మనిషిని కాను.

మా ఇంటాయన రొయ్యల గుంటలో జారిపడి పోయి అప్పటికి ఏడాది. ఆయన తెల్లచొక్కా ఒకటి మిగిలి ఉంటే, ఉతికి మసిగుడ్డలు చేద్దామని ఒక మధ్యాహ్నం మెషిన్‌లో వేశాను. కాసేపటికి వంటింట్లోకి నీళ్లు పారుతూ వచ్చాయి. పరుగెత్తి ప్లగ్గు పీకేశాను. మెషిన్ ఆగింది కానీ నీళ్లు ఆగలేదు. మూత తీస్తే చొక్కా గాలి నింపుకుని, చేతులు రెండూ చాచి, బోర్లా తేలుతోంది. ఆయన్ని గుంటలో చూసింది అచ్చం అలాగే. నా కాళ్లు కదల్లేదు.

"కొళాయి కట్టెయ్ అత్తా! అట్ట చూస్తా నిలబడినావేంది?" అని కోడలు అరిచి, తనే వచ్చి కట్టేసింది.

మరునాడు మెకానిక్ పైపు విప్పి, "జల్లెడ ఎవురు పీకినారమ్మా? ఇసక ఇరుక్కోని, నీళ్లు ఆపే లోపలి మూత పడలా. ఇంక కరెంటు తీసినా నీళ్లు ఎట్ట ఆగతాయి?" అన్నాడు.

కారణం తెలిసింది, కొత్త జల్లెడా పెట్టించాను. అయినా మెషిన్‌లో నీళ్లు పడుతున్నంతసేపూ కొళాయి మీద చెయ్యి వేసుకుని అక్కడే నిలబడతాను.

ఆయన పోయిననాడు గుంట గట్టున కూడా అలాగే కొయ్యబారిపోయాను, ఊరివాళ్లే ఆయన్ని బయటికి తీశారు. ఈసారి చొక్కాను మాత్రం నా చేతులతో నేనే తీశాను. దాన్ని ఇంకా చింపలేదు.