మిస్డ్ కాల్ ఇస్తే వచ్చే సిస్టర్

గుమ్మడిదల చుట్టుపక్కల మంచం పట్టిన క్యాన్సర్ రోగులను ఇళ్లకెళ్లి చూసుకునే నర్సు ఏంజెలిన్. "మిస్డ్ కాల్ ఇయ్యిండ్రి చాలు, వస్త" అనేది. అన్నట్టే స్కూటీ మీద వచ్చి వాలేది.

ఆ పని మెచ్చి జెనీవాలో వైద్య సదస్సుకు పిలిచారు. చర్చి అంతా ప్రార్థన చేసి సాగనంపింది. తను చూసుకునే రోగుల్లో ఒక్క సౌభాగ్యమ్మ ఇంట్లోనే చెప్పలేదు. వారమే కదా, ముసలామెను పరేషాన్ చేయడమెందుకు అనుకుంది. "మా దగ్గర ఎవరూ దిక్కులేకుండా పోరు" అని జెనీవాలో చెబితే సభంతా లేచి చప్పట్లు కొట్టింది.

పరదేశంలో సిమ్ పనిచేయని ఫోన్ శంషాబాద్‌లో దిగగానే మెసేజ్‌లతో మోగడం మొదలుపెట్టింది. అన్నీ సౌభాగ్యమ్మ మిస్డ్ కాల్సే. తిరిగి చేస్తే కోడలు ఎత్తింది.

"నిన్ననే మట్టి చేసినం సిస్టర్. దవాఖానకు పోదామంటే అత్త ఒప్పుకోలే. సిస్టర్ తొవ్వల ఉన్నదని తలుపు దిక్కే సూసుకుంట పోయింది."