మడ్డి లేని నాలుగు రోజులు

క్లోరిన్ బాబాయి గ్లాసుడు మంచినీళ్ళు తాగడమంటే చూసేవాళ్ళకి ఓపిక ఉండాలి. ముందు గ్లాసు వెలుగుకెత్తి చూస్తాడు. తరవాత ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూస్తాడు. ఆపైన ఓ గుక్క పుక్కిట పట్టి, కళ్ళు మూసుకుని, తీర్పు చెప్పబోయే జడ్జిగారిలా కాసేపు ఆలోచించి, దయతలచి మింగుతాడు. చుట్టాలింటికి వెళ్ళినా ఇదే తంతు. అందుకే చుట్టాలు ఆయనకి నీళ్ళివ్వడం ఎప్పుడో మానేసి, గుమ్మంలో కాలు పెట్టీ పెట్టగానే కాఫీ కప్పు చేతిలో పెట్టేస్తారు.

ఊరి నీటి సరఫరా ఆఫీసులో పరీక్షశాల ఆయనది. ఒక గది, ఒక కిటికీ, రెండు తొట్లు, గాజు గొట్టాల బీరువా, కూర్చుంటే కిర్రుమనే స్టూలు. ముప్పయ్యొక్క ఏళ్ళుగా పొద్దున్నే పన్నెండు సీసాల పెట్టె సైకిలుకి కట్టుకుని వీధి చివరి కుళాయిల మీద దండయాత్రకి బయల్దేరతాడు. కుళాయి మూతిని మంటతో కాల్చి, రెండు నిమిషాలు నీళ్ళు వదిలి, సీసా నింపి, బిరడా బిగించి, చీటీ అంటిస్తాడు. తిరిగొచ్చి రిజిస్టరులో రంగు, వాసన, మడ్డి, క్లోరిన్ గడులు నింపుతాడు. ఇన్నేళ్ళలో ఒక్కరంటే ఒక్కరు ఆయన్ని ఆపి "ఇవాళ నీళ్ళు బాగున్నాయండీ" అన్న పాపాన పోలేదు. బాగున్న నీళ్ళు ఎవరి కంటా పడవు. ఒకసారి ఎర్రగా వచ్చినప్పుడు మాత్రం ఆయన ఇల్లెక్కడో ఊరందరికీ తెలిసిపోయింది.

అలాంటి మనిషి ఇంటికి ఆయన అక్క చిలక వచ్చి చేరింది.

అక్క తడి నేల మీద కాలు జారి తుంటి ఎముక విరగ్గొట్టుకుంది. పక్క ఊరి పెద్దాసుపత్రిలో ఆపరేషన్, పన్నెండు రోజుల మంచం. స్ట్రెచరు మీద పడుకుని కూడా ఆవిడ అడిగింది ఎముక సంగతి కాదు.

"ఒరేయ్ తమ్ముడూ, చిలకని మీ ఇంటికి తీసుకెళ్ళు. నీళ్ళు మాత్రం శుభ్రంగా ఉంచరా."

"నీళ్ళ గురించి నాకు చెప్తున్నావా అక్కా?" అన్నాడాయన, కొంచెం నొచ్చుకుని.

"నీకు కాబట్టే చెప్తున్నాను," అంది అక్క. ఆ మాటలో ఉన్న భయం ఆయనకి అర్థం కాలేదు. పొగడ్త అనుకుని ఇంటిదాకా మోసుకొచ్చాడు.

ఆ చిలక వయసు పాతికేళ్ళ పైమాటే. మెడ చుట్టూ గులాబి గీత, పైముక్కు అంచున చిన్న బీట, చూపులో రిటైరైన హెడ్మాస్టరు నిరసన. అది నిజానికి బావ చిలక. బావ నలభై ఏళ్ళు ఊళ్ళోవాళ్ళకి కారు నడపడం నేర్పాడు. ఆఖరికి తన బావమరిదికి కూడా నేర్పబోయాడు కానీ, బావమరిది రోడ్డు మీద నీళ్ళు కారుతున్న ప్రతి గొట్టం దగ్గరా కారాపి దిగి చూస్తుంటే, మూడో రోజుకి చేతులెత్తేశాడు. సాయంత్రాలు బావ వరండాలో కూర్చుని, మర్నాటి పాఠం పైకే వల్లె వేసుకునేవాడు. పక్కన పంజరం. వల్లె వేసింది ఆయన, వంటబట్టింది చిలకకి. బావ పోయి రెండేళ్ళయింది. ఆయన గొంతు మాత్రం ఇంకా ఉద్యోగం చేస్తూనే ఉంది.

"క్లచ్చు నొక్కు... మెల్లిగా... ఆఁ, అదీ."

అచ్చం బావే. ఆ "ఆఁ, అదీ" దగ్గర బావకి గొంతు కాస్త కిందికి దిగేది, మెచ్చుకోవడం ఎవరైనా వింటారేమో అన్నట్టు. చిలక ఆ దిగడం కూడా వదల్లేదు. ఎవరైనా గబగబా నడిస్తే మాత్రం "బ్రేకు! బ్రేకు!" అని అరిచేది.

సాయంత్రం అయిదయ్యేసరికి ఆసుపత్రి నుంచి ఫోనొచ్చేది. "ఫోను పంజరం దగ్గర పెట్టరా," అనేది అక్క. అంతే. చిలక రెండు ముక్కలు మాట్లాడేది. అవతల నుంచి ఊపిరి వినిపించేది. "సరే, ఉంటాను," అని పెట్టేసేది. ఆ రెండు ముక్కల కోసం ఆవిడ పొద్దుణ్ణించీ సూదులూ కషాయాల్లాంటి మందులూ ఓర్చుకుంటోందని తమ్ముడికి ఎవరూ చెప్పక్కర్లేదు.

మొదటిరోజే యుద్ధం మొదలైంది. బాబాయి మరగకాచి చల్లార్చిన నీళ్ళు తెల్ల పింగాణీ గిన్నెలో పోసి పంజరంలో పెట్టాడు. గంట తరవాత వచ్చి చూశాడు. నీళ్ళు ఉబ్బిన రొట్టె ముక్కలతో, గింజ పొట్టుతో, అరటిపండు పీచుతో చిక్కటి గంజిలా ఉన్నాయి.

"ఇదేమిటే! ఊరి చెరువు కూడా ఇంత అన్యాయంగా ఉండదు!"

"చిలకండీ, ప్రయోగశాల కాదు," అంది భార్య వంటింట్లోంచి.

ఆయన గిన్నె తోమాడు. వేలితో అడుగు రుద్ది చూశాడు. జిగురు! కంటికి కనపడని ఆ జిగురే అసలు శత్రువని ముప్పయ్యొక్కేళ్ళుగా కింది ఉద్యోగులకి పాఠాలు చెప్పినవాడాయె. బ్రష్షుతో రుద్ది, వేడినీళ్ళతో కడిగి, ఎండలో ఆరబెట్టి మళ్ళీ పెట్టాడు. గిన్నె కొమ్మ కింద ఉంటే పైనుంచి రెట్టలు పడుతున్నాయని పక్కకి జరిపాడు. అది మంచి పనే. కానీ చిలక రొట్టె ముక్క ముక్కున కరుచుకుని జరిపిన చోటికే నడిచి వెళ్ళి, ముంచి, తిప్పి, మెత్తబడ్డాక తిని, సగం నీళ్ళలోనే వదిలేసేది. రోజుకి ఆరుసార్లు నీళ్ళు మార్చినా ఆరుసార్లూ గంజే. బాబాయి ఓ కొత్త నోటు పుస్తకం తీసి గడులు గీశాడు. తేదీ, వేళ, రంగు, వాసన, మడ్డి. మడ్డి గడిలో ఎర్ర ఇంకుతో "ఉంది, ఉంది, ఉంది" అని రాసి రాసి ఆయనకే అవమానంగా అనిపించింది.

అయిదోరోజు ఆయన బజారు నుంచి విజయగర్వంతో తిరిగొచ్చాడు. చేతిలో కుందేళ్ళకి పెట్టే నీళ్ళ సీసా. పంజరం ఊచలకి తలకిందులుగా కట్టాలి. గొట్టం చివర చిన్న ఇనుప గోళీ. నాలుకతో నెడితే చుక్క దిగుతుంది. రొట్టె ముంచడానికి దారే లేదు.

"ఇక చూడు," అన్నాడు భార్యతో. గిన్నె తీసి గూట్లో బోర్లించేశాడు.

చిలక పది నిమిషాల్లో కిటుకు పట్టేసింది. గోళీ నెట్టి నీళ్ళు తాగింది. బాబాయి కళ్ళు చెమర్చాయి. ఆ రోజు మడ్డి గడిలో నల్ల ఇంకుతో "లేదు". మర్నాడు "లేదు". మూడోరోజు "లేదు". ఊరికి కూడా అంత శుభ్రమైన నీళ్ళు ఇవ్వలేకపోయానే అని ఆయనకి కాస్త బెంగ కూడా వేసింది.

"ఏవండీ, ఇది తిండి పారబోస్తోంది," అంది భార్య, పంజరం కింది పళ్ళెం దులుపుతూ. "చూడండి, ఎన్ని రొట్టె ముక్కలో."

"తిండి గిన్నె ఖాళీగానే ఉందిగా?"

"గిన్నె ఖాళీనే. పళ్ళెమే నిండుగా ఉంది."

"ఊఁ," అన్నాడాయన, సీసా వెలుగుకెత్తి చూస్తూ. నేల ఆయన శాఖ కిందికి రాదు.

చిలక మాట్లాడటం తగ్గించింది. ఆ మూడోరోజు సాయంత్రం ఫోను పెడితే "క్లచ్చు" అని ఆపేసింది. "నిద్రొస్తోందేమోలే," అంది అక్క. నాలుగోరోజు ఈకలు ఉబ్బించుకుని, కళ్ళు సగం మూసుకుని, కొమ్మ చివర ముడుచుక్కూర్చుంది. భార్య కావాలని పంజరం ముందు అటూ ఇటూ పరుగెత్తింది. బ్రేకు పడలేదు.

అయిదైంది. ఫోను మోగింది.

"పెట్టరా," అంది అక్క.

బాబాయి ఫోను పంజరం దగ్గర పెట్టాడు. ఒక నిమిషం. చిలక కన్ను తెరిచి, ఫోనుని చూసి, మళ్ళీ మూసుకుంది. అవతల అక్క ఊపిరి బిగబట్టి వింటోంది. భార్య నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నిలబడిపోయింది. ఊళ్ళో ఒక్క నీటిచుక్క గురించి కూడా ఎన్నడూ తప్పుడు రాత రాయని మనిషి, ఆ క్షణాన మెడ ముందుకి చాచి, ముక్కు రెండు వేళ్ళతో నొక్కి పట్టుకుని, చిలక గొంతులో బావలా మాట్లాడాడు.

"క్లచ్చు నొక్కు... మెల్లిగా... ఆఁ, అదీ."



"ఒరేయ్."

"ఆఁ అక్కా."

"మీ బావ నేర్పితే నీకు క్లచ్చు నొక్కడం ఎలాగూ రాలేదు. అనడం కూడా రాలేదేరా?"

భార్యకి నవ్వొచ్చింది, వెంటనే ఏడుపూ వచ్చింది. బాబాయి ముక్కు మీంచి వేళ్ళు తీశాడు.

"చిలకకి ఏమైంది? నిజం చెప్పు," అంది అక్క. గొంతు మారిపోయింది.

"ఏం లేదక్కా, కాస్త నలతగా... నీళ్ళు మాత్రం—"

"నీళ్ళ సంగతి నేనడిగానా? తింటోందా?"

ఆయన నోటు పుస్తకం తెరిచాడు. ఒక్కో గడీ వేలితో వెతికాడు. రంగు ఉంది, వాసన ఉంది, వేళ నిమిషాలతో సహా ఉంది. "చిలక" అన్న మాట ఎక్కడా లేదు.

"తిండి గిన్నె ఖాళీ అవుతోందక్కా..."

"నీళ్ళు మడ్డిగా అవుతున్నాయా?"

"ఛ! ఒక్క నలుసు లేదు," అన్నాడు, అంత కంగారులోనూ కొంచెం గర్వం తొణికింది. "నాలుగు రోజులుగా అద్దంలా ఉన్నాయి. ముంచడానికి వీల్లేకుండా సీసా కట్టాను."

అక్క మళ్ళీ మాట్లాడేసరికి గొంతు చాలా నెమ్మదిగా ఉంది. అరిచినా బాగుండేది అనిపించింది ఆయనకి.

"దాని ముక్కు బీటిచ్చిందిరా. మూడేళ్ళ నుంచీ గట్టివి కొరకలేదు. నీళ్ళలో నానబెట్టుకుని తింటుంది. నీళ్ళు మురికి చెయ్యడం దాని పని, మార్చడం నా పని. అందుకేరా నిన్ను శుభ్రంగా ఉంచమన్నది... మడ్డి లేదంటే అది తిననట్టేగా!"

పళ్ళెంలో నిండుగా పడి ఉన్న రొట్టె ముక్కలు ఇప్పుడాయనకి కనిపించాయి. ఒక్కొక్కటీ గొట్టం దాకా మోసుకొచ్చి, గోళీకి ఆనించి చూసి, తడవక, జారవిడిచినవి. ఇన్ని ముక్కలు. నాలుగు రోజులు అడుగుతూనే ఉంది, ఆయనకి వినిపించే భాషలో కాదు.

గూట్లోంచి గిన్నె వచ్చింది. సీసా ఊడింది. ఆయనే రొట్టె నానబెట్టి పెట్టాడు. చిలక ముట్టలేదు. మర్నాడు పొద్దున ముప్పయ్యొక్కేళ్ళలో మొదటిసారి కుళాయిలు ఆయన కోసం ఎదురుచూశాయి. పంజరానికి దుప్పటి చుట్టి పశువుల డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాడు. ఆవిడ చిలకని తూచి, మూడు నెలల కిందట అక్క చూపించినప్పటి చీటీతో పోల్చి, ముప్పై గ్రాములు తగ్గిందంది. అంత చిన్న ప్రాణికి అది తక్కువేం కాదంది. నానిన తిండి, వెచ్చదనం, ఓ చుక్కల మందు రాసిచ్చింది. "నిలబడుతుందా అండీ?" అనడిగితే, "ఇవాళ తింటే చెప్తాను," అంది. నీళ్ళ పుస్తకం చూపిద్దామని జేబులో పెట్టుకెళ్ళాడు. ఆవిడ అడగలేదు. ఆయన తియ్యలేదు.

ఆ పగలంతా స్టూలు వేసుకుని పంజరం ముందే కూర్చున్నాడు. గిన్నెలో నీళ్ళు నిర్మలంగా ఉన్నాయి. జీవితంలో మొదటిసారి ఆ నిర్మలత్వం చూస్తే ఆయనకి భయమేసింది. మధ్యాహ్నం మూడింటికి చిలక కొమ్మ చివర్నుంచి ఒక అడుగు జరిగింది. మరో అడుగు. రొట్టె ముక్క ముక్కున పట్టింది. అంత దూరం నడిచి గిన్నెలో పడేసింది. బుడుంగుమంది. తిప్పింది. పైకి తీసింది. మింగింది.

"వచ్చి చూడవే!" అన్నాడు భార్యతో, గుసగుసగా. "మడ్డి!"

అయిదుకి ఫోను మోగేసరికి గిన్నె మళ్ళీ పాత గంజి. "తిన్నదక్కా," అన్నాడు ముందుగానే. "నీళ్ళు చాలా దరిద్రంగా ఉన్నాయి. మార్చేసి ఇస్తానుండు." ఫోను పంజరం పక్కన పెట్టి, ఆత్రంగా చెయ్యి లోపలికి దూర్చి గిన్నె లాగబోయాడు. నీళ్ళు చొక్కా మీద ఒలికాయి.

"బ్రేకు!" అంది చిలక బొంగురుగా.

ఆయన చెయ్యి అక్కడే ఆగిపోయింది. చిలక తల పక్కకి వంచి ఆయన్ని ఎగాదిగా చూసింది.

"క్లచ్చు... మెల్లిగా..."

అక్కడ దానికి ఊపిరి చాల్లేదు కాబోలు, ఆగి ముక్కు తుడుచుకుంటూ కూర్చుంది. బాబాయి మెల్లిగా గిన్నె బయటికి తీశాడు. ఈసారి చుక్క ఒలకలేదు.

"ఆఁ, అదీ," అంది ఫోనులోంచి అక్క, గొంతు కాస్త కిందికి దించి.

ఆయన తొట్టి దగ్గరికి నడిచి గిన్నె అడుగు వేలితో రుద్ది చూశాడు. జిగురు. బ్రష్షు అందుకునే ముందు నోటు పుస్తకం తీసి, కొత్త గడి ఒకటి గీసి, దాని నెత్తిన "చిలక" అని రాశాడు. మడ్డి గడిలో "ఉంది" అని రాయడానికి ఎర్ర కలం తీసి, కాసేపు చూసి, నల్లది పట్టుకున్నాడు.