అరవైకీ డెబ్బైకీ మధ్య

1963 జూన్‌లో నెల్లూరులోని ఒక డిగ్రీ కాలేజీలో గణితం ట్యూటరుగా చేరాను. ట్యూటరంటే లెక్చరరుకు ఒక మెట్టు కింద. జీతం తక్కువ, దిద్దే పేపర్లు ఎక్కువ. తెలుగు, చరిత్ర, తర్కం ప్రధానంగా చెప్పే ఆ కాలేజీలో, గణితం బి.ఏ. వాళ్ళకు బీమా గణితాన్ని ప్రత్యేక విషయంగా చెప్పడానికి ఆ ఏడే అనుమతి వచ్చింది. మనుషుల ఆయుర్దాయం అంచనా కట్టి, ఏ వయసువాడి దగ్గర ఎంత ప్రీమియం తీసుకోవాలో తేల్చే శాస్త్రమది. చేరినవాళ్ళు ముగ్గురు. జనవరిలో యూనివర్సిటీ నుంచి తనిఖీకి వస్తారనీ, చూపించడానికి ఏమీ లేకపోతే ఆ విషయాన్ని ఎత్తేస్తారనీ, దాంతోపాటు నన్ను కూడాననీ ప్రిన్సిపాల్ గారు నింపాదిగా చెప్పారు.

ఈ చదువుకు ప్రాణం మరణ పట్టిక. వెయ్యిమందిలో ఏ వయసులో ఎందరు పోతారో వరసగా చూపిస్తుంది. పుస్తకంలో ఉన్నది ఇంగ్లండు వాళ్ళది. మనవాళ్ళది మనమే తయారు చేద్దామన్నాను. ముగ్గురిలో చురుకైనవాడు కొడవలూరు కుర్రాడు దేవదానం. అతని మేనమామ ప్రకాశం గారు వాకాడు దగ్గర పల్లెలో చర్చి సమాధుల రిజిస్టరు రాసేవారు. దేవదానం దసరా సెలవుల్లో వెళ్ళి పాతికేళ్ళ పేజీలు ఎత్తి రాసుకొచ్చాడు. నిజానికి బతికున్నవాళ్ళ లెక్క కూడా కావాలి. ఆ సంగతి తాత్కాలికంగా పక్కన పెట్టాం.

గ్రాఫు గీస్తే అరవై దగ్గర తాటిచెట్టంత గీత లేచింది. డెబ్బై దగ్గర ఇంకొకటి. మధ్యలో బోడి నేల.

"సార్, మా మామ వాళ్ళూళ్ళో అరవై దాటినోళ్ళు డెబ్బై దాకా చావరు సార్!" అన్నాడు దేవదానం.

నవ్వాల్సింది, నవ్వలేదు. పైగా సముద్రపు గాలి, చేపల కూర వల్ల కలిగే మేలు గురించి అరపేజీ రాశాను కూడా.

ఆ ఆదివారం ఇద్దరం బస్సెక్కి వెళ్ళాం. ప్రకాశం గారు గ్రాఫును అటూ ఇటూ తిప్పి చూసి, ఇదేందని అడిగారు. చెప్పాను. మాకు మజ్జిగ ఇప్పించి, మేము తాగేదాకా ఆగి, అప్పుడు నవ్వారు.

"చచ్చినోడు వయసు చెప్పడు గదా అయ్యవారా! బతికినోళ్ళు చెప్తారు. ఏడుపుల్లో వాళ్ళకేం గుర్తుంటాది? అరవై ఉంటాయిలే అంటారు, రాసేస్తా. మరీ ముసలోళ్ళయితే డెబ్బై. ఎవురన్నా అరవై మూడని చెప్తే నాకే అనుమానం వస్తాది."

"మరి అసలు వయసు ఎట్టా పట్టుకునేది మామా?"

"మన చర్చి కట్టేటప్పటికి మీ నాయనకి పెళ్ళయిందా అని అడుగు. అదయితే ఠక్కున చెప్తారు."

అరపేజీ చించేశాను. ఆ తరవాత మూడు ఆదివారాలు ఇల్లిల్లూ తిరిగి, ముందూ వెనకా కనుక్కుని, సరిచేయగలిగినన్ని వయసులు సరిచేశాం. మిగిలినవాటిని పక్క వయసులకు పంచి గీతను నునుపు చేశాం. బీమా గణితంలో దీన్ని గ్రాడ్యుయేషన్ అంటారు. పట్టాతో సంబంధం లేదు.

జనవరిలో తనిఖీకి వచ్చిన పెద్దమనిషి రెండు గ్రాఫులూ చూశారు. చదువులేనివాళ్ళతో వచ్చిన చిక్కే ఇదనీ, చదువుకున్నవాళ్ళకు తమ వయసు కచ్చితంగా తెలుస్తుందనీ అన్నారు.

"తమకెన్నేళ్ళు సార్?" దేవదానం వినయంగానే అడిగాడు.

"రికార్డు ప్రకారం యాభై రెండు."

'రికార్డు ప్రకారం' అన్న తన మాట ఆయన చెవిన కూడా పడింది. బడిలో చేర్చేటప్పుడు రెండు మూడేళ్ళు తగ్గించి రాయించడం అప్పట్లో ఇంటింటా జరిగేదే. రిటైరు కావడం ఆ మేరకు ఆలస్యమవుతుంది. ప్రిన్సిపాల్ గారు కళ్ళజోడు తుడుచుకోవడంలో మునిగిపోయారు. నా ఉద్యోగం అయిపోయిందనుకున్నాను.

"మా అమ్మ ప్రకారం యాభై అయిదు," అన్నారాయన గొంతు తగ్గించి. "ఎక్కడా రాయబాకండి." ఫైలు తెరిచి, బీమా గణితాన్ని మరో మూడేళ్ళు కొనసాగించవచ్చని సంతకం చేశారు.

తరవాత నేను బీమా గణితం పరీక్షలు పూర్తిచేసి బీమా రంగంలోకి వెళ్ళాను. వయసుల జాబితా ఏది ముందుకొచ్చినా, ఇది ఎవరు చెప్పారు, ఎవరు రాశారు, చెప్పినవాళ్ళకు అందులో లాభమేమిటి అని అడిగేవాణ్ణి. ఈ మూడింటికీ జవాబు దొరికాక మిగిలే గణితం కష్టమైనదేమీ కాదు.