ఏ అంకె పెట్టినా కుదరని లెక్క

నా చిన్నప్పుడు, మేం రాయపూర్ రైల్వే క్వార్టర్లలో ఉండగా, మా అమ్మ ఒక వానాకాలమంతా గోడవైపు తిరిగి పడుకుంది. నెలల పిల్లవాడు మా తమ్ముడు జ్వరమొచ్చి పోయాడు. నాన్న డ్యూటీకి వెళ్ళేవాడు, వచ్చేవాడు. విజయనగరం నుంచి వచ్చిన నానమ్మ వండిపెట్టేది. బతిమాలితే అమ్మ రెండు ముద్దలు తినేది, లేకపోతే అదీ లేదు. నావైపు చూసినా ఆ చూపు నామీద ఆగేది కాదు.

పరామర్శకి వచ్చిన ఎదురింటి పెద్దావిడ, నేను అక్కడే ఉన్నానన్న ఇంగితం లేకుండా, "ఈ పిల్ల వీపు మంచిది కాదమ్మా" అంది. అంటే నా వెనక పుట్టినవాళ్ళు నిలవరని. మా క్వార్టర్ల లైనులో ఆడవాళ్ళు ఆ మాట తరచూ అనేవారు. కందకు లేని దురద కత్తిపీటకెందుకంటారు గానీ, అలాంటి కత్తిపీట ప్రతి లైనులోనూ ఒకటుంటుంది. ఇప్పుడు తలుచుకున్నా నాకు ఒళ్ళు మండుతుంది. ఆ రోజు మండలేదు. నమ్మాను.

తప్పు నాదైతే దిద్దాల్సిందీ నేనేగా. అమ్మ లేవాలని మొక్కులు మొదలుపెట్టాను. ముందు చెప్పుల్లేకుండా బడికి వెళ్ళాను. ఫలితం లేకపోయేసరికి బెల్లం మానేశాను, తరవాత జడలో పువ్వులు. ఒక సోమవారం ఏమీ తినకుండా బడికి వెళ్ళి ప్రార్థనలో కళ్ళు తిరిగి పడిపోయాను. ఒకటి కుదరకపోతే ఇంకోటి. చెబితే మొక్కు చెడుతుందని ఎవరికీ చెప్పలేదు.

అదే ఏడాది మా హిందీ బడిలో సమీకరణాలు మొదలయ్యాయి. "మాన్ లో, ఎక్స్" అని, అంటే ఎక్స్ అనుకోండని, మొదలుపెట్టేవారు మాస్టారు. ఇటుది అటు వెళితే గుర్తు మారుతుందనేవారు, ఎందుకు మారుతుందో చెప్పేవారు కాదు. నా బుర్రకి అది ఎక్కలేదు. ఎక్స్ ఉన్నచోట ఒకటి పెట్టి చూసేదాన్ని, కుదరకపోతే రెండు, తరవాత మూడు. అలా వెతుక్కుంటూ కూర్చుంటే పరీక్షలో సగం కూడా అయ్యేది కాదు. నా మార్కులు చూసి నాన్న పక్కింటి అక్కని బతిమాలాడు. ఆవిడ సైన్స్ కాలేజీలో చదువుతోంది. మాలాగే వాళ్ళదీ విజయనగరం వైపే.

ఒక ఆదివారం మధ్యాహ్నం వాళ్ళ వరండా గచ్చు మీద అక్క సుద్దముక్కతో మూడు లెక్కలు రాసింది. మొదటిది, ఎక్స్‌కి నాలుగు కలిపితే తొమ్మిది. అయిదని చెప్పాను. ఇలాంటిదానికి సరిపోయేది ఒక్కటే ఉంటుందంది. రెండోది, ఎక్స్‌కి ఎక్స్ కలిపితే రెండు ఎక్స్‌లు. ఏ అంకె పెట్టినా సరిపోతుంటే నాకు నవ్వొచ్చింది. ఇంట్లో ఎవరూ నవ్వక చాలా రోజులైంది. మూడోది, ఎక్స్‌కి మూడు కలిపినా, అదే ఎక్స్‌కి అయిదు కలిపినా సమానం. ఎక్స్ ఎంతో కనిపెట్టమని చెప్పి, అక్క చేట ముందేసుకుని బియ్యంలో రాళ్ళు ఏరుకుంటూ కూర్చుంది.

ఒకటి పెట్టాను, పది పెట్టాను, వంద, సున్నా, చివరికి భిన్నాలు కూడా. గచ్చంతా నిండిపోయింది. ఏదో ఒకటి ఉండే ఉంటుంది, అది నా చేతికే చిక్కడం లేదనుకున్నాను. ముక్కు ఎగబీల్చడం విని అక్క చేట పక్కన పెట్టింది.

"ఏటే, లెక్క రాకపోతే ఏడుస్తారేటి? ఇలా సూడు" అని రెండు పక్కలా ఉన్న ఎక్స్‌లని వేలితో చెరిపేసింది. మూడు సమానం అయిదు అని మిగిలింది. "ఎక్స్ పోనాది. ఇంక నువ్వు దాని బదులు ఏటి పెడితే ఏటి, మూడు అయిదవుతుందా? కొన్ని లెక్కలకి జవాబే ఉండదు. లేదని రాయడమే జవాబు. ఇందులో నీ గల్తీ ఏటీ లేదు."

నా తప్పేమీ లేదన్న మాట మా ఇంట్లో గానీ మా లైనులో గానీ నాతో అన్నది ఆవిడొక్కతే. నాకు ఏడుపు ఆగలేదు. మొక్కులన్నీ కక్కేశాను, వీపు సంగతి కూడా. నన్ను ఊరుకోబెట్టడానికి అక్క అబద్ధం చెబుతుందేమోనని చూశాను. చెప్పలేదు.

"మీ అమ్మ ఎప్పుడు లేస్తాదో నాకు తెల్దు. లేవకపోతే నీ వల్ల కాదు, లేచినా నీ మొక్కు వల్ల కాదు. తమ్ముడు జ్వరంతో పోయాడు. అందులో నువ్వు లేవు" అంది. తరవాత రెండో లెక్క మీద వేలు పెట్టింది. "మీ అమ్మకి నువ్వంటే ఉన్న ప్రేమ మాత్రం ఇదిగో, ఇలాంటిది. నువ్వేటి చేసినా, చెయ్యకపోయినా."

నేను తలూపాను గానీ ఆ చివరి మాట నమ్మలేదు. ఆ సాయంత్రం అమ్మ పక్కన పడుకుని, ఎన్నాళ్ళకో ఏ మొక్కూ లేకుండా కళ్ళు మూసుకున్నాను. అమ్మ ఇటు తిరగలేదు.

దసరా వెళ్ళాక ఒక ఉదయం తనే లేచి పొయ్యి అంటించింది. ఎందుకు లేచిందో ఎవరికీ తెలియదు. ఆ తరవాత చాలా ఏళ్ళు బతికింది. నాకు జడలు వేసింది, చదివించింది, పురుళ్ళు పోసింది. తమ్ముడి మాట మాత్రం ఎత్తలేదు. నేనంటే ఇష్టమనీ నోరు తెరిచి ఏనాడూ అనలేదు.

అక్క చెప్పిన మూడో లెక్కని ఆ రోజే నమ్మేశాను. దిద్దలేనివి దిద్దబోయి నన్ను నేను తిట్టుకోవడం అక్కడితో మానేశాను. రెండోది నమ్మడానికే నాకు సగం జీవితం పట్టింది, అప్పటికి అమ్మ లేదు. అందుకే నా పిల్లల దగ్గరా, వాళ్ళ పిల్లల దగ్గరా ఆ రెండో లెక్కకి జవాబు నేనే పైకి చెప్పేస్తాను. వాళ్ళనే కనుక్కోమని వదిలిపెట్టను.