నారు తొక్కిన కాలు

అండమాన్‌లో ఛాతీ లోతు నీళ్ళలో ఈదుతూ, ఆయాసమొచ్చి ఒక రాయి మీద నిలబడ్డాను.

"రాయి కాదండీ, దిగండి! నారు తొక్కేస్తన్నారు!" అని పక్క పడవలోంచి ఒకావిడ తెలుగులో అరిచింది.

ఇప్పుడు టౌనులో, పటమటలో ఉంటున్నా, నేను దివిసీమ రైతు బిడ్డని. ఆ మాట వినగానే కాలు దానంతటదే వెనక్కి వచ్చింది. అప్పటికే కింద ఏదో పుటుక్కుమంది.

ఆవిడ పేరు పార్వతమ్మ. తాతల కాలంలోనే శ్రీకాకుళం నుంచి వచ్చేశారట. సముద్రం వేడెక్కి ఈ జింక కొమ్ముల పగడం తెల్లబడి చచ్చిపోతోందని, విరిగిన ముక్కల్ని నీటి అడుగున ఇనప చట్రాలకి కట్టి బతికిస్తున్నామని చెప్పింది. ఆ చట్రాలు ఆవిడకి నారుమడి. పెరిగిన ముక్కల్ని తీసి పగడపు దిబ్బ మీద అతికించడం నాట్లు. ఆవిడ పుట్టి బుద్ధెరిగి వరిచేలో దిగిందే లేదట.

నీళ్ళలోకి దిగి, నేను విరగ్గొట్టిన కొమ్మని కూడా ఒక చట్రానికి దారంతో కట్టింది.

"బతుకుద్దా అమ్మా?" అన్నాను.

"చూడాలండీ. మీ వరిలాగ నాలుగు నెలల పంట కాదు గదా. నిలబడితే నా మనవరాలు చూస్తాది."

చిన్నప్పుడు నారుమడిలో కాలు పెడితే మా నాన్న వీపు చిట్లగొట్టేవాడు. పార్వతమ్మ మాత్రం మరో ముక్కకి దారం తెంపుకుంది. ఆవిడా నా వీపు మీద ఒకటి వేసుంటే బాగుండేదని ఇప్పటికీ అనిపిస్తుంది.