నాన్నగారి మగ్గం గుంటలో చోటు

బరువు తగ్గడం గురించి మా పేట గ్రంథాలయంలో ఉన్న పుస్తకాలన్నీ నేను చదివాను. ఈ మాట కొంచెం గర్వంగానే రాస్తున్నాను. పదో తరగతితో బడి ఆగిపోయిన నాకు మిగిలిన చదువంతా బెజవాడ భవానీపురంలోని ఆ రెండు గదుల్లోనే దొరికింది. గుండె జబ్బు రాకుండా తగ్గమని ఒక పుస్తకం, నలుగురిలో బాగా కనబడటానికి తగ్గమని ఇంకో పుస్తకం చెప్పాయి. మగ్గం గుంటలో పట్టకుండా పోయిన నేతగాడి కొడుకు సంగతి ఏ పుస్తకంలోనూ లేదు. ఆ గుంట కూడా ఇప్పుడు లేదు. అది ఏ గదిలో ఏ మూల ఉండేదో ఎరిగినవాళ్ళం నలుగురం మిగిలాం. అందుకని రాసిపెడుతున్నాను.

మాది మంగళగిరి. నాన్నగారిది గుంట మగ్గం. నేలలో మోకాళ్ళు దిగేంత గుంట, అందులో కాళ్ళతో తొక్కే చెక్కలు, గుంట అంచున కూర్చోవడానికి ఒక పలక. నేసిన బట్ట చుట్టుకునే కొయ్య దూలం సరిగ్గా ఒళ్ళోకి వస్తుంది. ఇల్లు ఇరుకు కాబట్టి పలక వెనకే గోడ. గోడకీ దూలానికీ మధ్య ఉన్న చోటు నాన్నగారి ఒంటికి చాలేంత. ఆయన బక్కపలచటి మనిషి. చిన్నప్పుడు నన్ను తన పక్కన ఇరికించుకుని నేసేవారు. నా కాళ్ళు చెక్కలకు అందేవి కావు.

"అందనీరా, అప్పుడు ఈ పలక నీదే" అనేవారు.

అందే వయసు వచ్చేసరికి నన్ను బెజవాడలో బట్టల కొట్లో చేర్చారు. ఒక మగ్గం మీద రెండు సంసారాలు నడవవని ఆయనకు తెలుసు. అన్నయ్య మగ్గం మీద, నేను కొట్లో తెల్ల దుప్పటి పరిచిన పరుపు మీద ఉండిపోయాం.

ఆ పరుపు మీద పొద్దున కూర్చుంటే కొట్టు కట్టేదాకా లేచే పని లేదు. చీరలు విప్పడం, మడతపెట్టడం. బేరం కుదిరితే ఒక టీ, కుదరకపోతే ఆ దిగులుకి ఇంకో టీ, సాయంత్రం బజ్జీలు. కట్టేది పంచె. ప్యాంటయితే బొత్తాం పట్టనని మొరాయిస్తుంది. పంచె ఎంత లావునైనా కడుపులో పెట్టుకుంటుంది.

నాన్నగారు పోయిన కొన్నేళ్ళకు, తొంభైల చివర ఒక చలికాలంలో, అన్నయ్య కబురు పంపాడు. వానాకాలమంతా గుంటలో నీరు ఊరుతోంది, మోకాళ్ళు పట్టేస్తున్నాయి, నేల మీద నిలిచే మగ్గం తెచ్చుకుంటున్నాను, గుంట పూడ్పించి గచ్చు చేయిస్తాను అని. ఆ ఆదివారమే వెళ్ళాను.

"ఒక్కసారి కూర్చుంటాను అన్నయ్యా."

కాళ్ళు దిగాయి. చెక్కలకు చక్కగా అందాయి. పొట్ట దూలానికి అడ్డుపడింది. ఊపిరి బిగబట్టి వెనక్కి జరిగితే వీపుకి గోడ సున్నం అంటింది గానీ పలక మీద కూర్చోవడం కుదరలేదు.

గుమ్మంలో నూలు కండెలు చుడుతున్న వదిన నవ్వు ఆపుకోలేకపోయింది. "ఏం మరిదీ, గోడ పడగొట్టమంటావా, దూలం కోయమంటావా?"

"పాత గోడని ఎందుకే హింసించడం? వీణ్ణే రెండు పక్కలా చెక్కేద్దాం" అన్నాడు అన్నయ్య.

నేనూ నవ్వాను. నా మొహం చూశాడేమో, అన్నయ్య మగ్గం మీంచి కోసిన కొత్త గుడ్డలోంచి సన్నటి పట్టీ చింపాడు. దాన్ని తన నడుముకు చుట్టి, కాస్త వదులు ఉంచి తెంపి ఇచ్చాడు. "ఇది నీ నడుం చుట్టూ తిరిగి కొసలు కలిసిన రోజున రా. వానల దాకా ఆగుతాను. ఆ తర్వాత నన్ను తిట్టుకోకు."

తిరుగు బస్సులో కృష్ణ దాటుతుంటే ఒకటే ఆలోచన. ఒకప్పుడు కాళ్ళు చాలలేదు. ఇప్పుడు ఒళ్ళు పట్టలేదు. మధ్యలో ఎప్పుడో నేను ఆ పలకకు సరిగ్గా సరిపోయిన రోజులు ఉండే ఉంటాయి. అవన్నీ పరుపు మీద గడిచిపోయాయి.

పట్టీని అద్దం పక్కన మేకుకి తగిలించాను. కొసల మధ్య జానెడు పైనే ఎడం ఉండేది. తెల్లవారకముందే ఏటి ఒడ్డుకు వెళ్ళి, ఇబ్రహీంపట్నం కరెంటు కేంద్రం పొగగొట్టాలు కనబడే వరకు నడిచి వెనక్కి తిరిగేవాణ్ణి. సన్నటి మనిషి బొమ్మ గోడకు అంటించుకోమని ఒక పుస్తకం చెప్పింది. నాకు బొమ్మ అక్కర్లేదు. బజ్జీల పొట్లం విప్పినప్పుడల్లా ఆ పలక కళ్ళ ముందుకు వచ్చేది.

"పుస్తకాలు చదివితే బరువు తగ్గుతుందా అండీ?" అంది మా ఆవిడ.

"బుర్ర పెరుగుతుంది."

"అదీ బరువేగా! ముందు ఆ రెండో పళ్ళెం పక్కన పెట్టండి."

ఎండలు ముదిరేసరికి కొసల మధ్య రెండు వేళ్ళ ఎడమే మిగిలింది. ఒక ఆదివారం కొలుచుకుంటే మళ్ళీ నాలుగు వేళ్ళ ఎడం కనబడింది. రెండోసారి బిగించి చూశాను. నాలుగే. అన్నం సగం చేసి, అంత దూరం నడిచి, పెరిగానన్నమాట. మర్నాడు లేవలేదు. ఆ మర్నాడూ లేవలేదు. కొట్లో పొట్లం విప్పితే ఏ పలకా కళ్ళ ముందుకు రాలేదు. గ్రంథాలయానికి వెళ్ళడం కూడా మానేశాను.

అలా కొన్ని వారాలు పోయాయి. ఒకరోజు ఒకావిడ మంగళగిరి గుడ్డ తీసుకుంటూ, "కుట్టించాక పొట్టిదైపోదు కదండీ?" అని అడిగారు.

రోజూ చెప్పే మాటే చెప్పాను. "కొత్త నేత గుడ్డ కదమ్మా, మొదటి ఉతుక్కి రెండు వేళ్ళు గుంజుకుంటుంది. ఒకసారి నీళ్ళలో జాడించి ఆరేశాక కొలత..."

ఇంట్లో మేకుకి వేలాడుతున్న పట్టీ గుర్తొచ్చింది.

"ఆరేశాక?" అన్నారావిడ.

"ఆరేశాక కొలత తీయించండమ్మా. నాకిప్పుడే తెలిసింది."

"అంతకుముందు తెలియకుండానే అమ్ముతున్నారా?" అని ఆవిడ గుడ్డను అనుమానంగా తిప్పి చూశారు.

ఇంటికెళ్ళి పట్టీ సంగతి అడిగితే, "చెమట కంపు కొడుతోందని నేనే ఉతికాను. తప్పా?" అంది మా ఆవిడ. నేత ఇంట్లో పుట్టి, గుడ్డలమ్మి బతుకుతూ, ఉతికిన గుడ్డను నమ్మి నా ఒంటిని అనుమానించాను. మర్నాడు చీకటితోనే ఏటి ఒడ్డున ఉన్నాను. కొత్త పట్టీ అడగడానికి మొహం చెల్లక ఆ గుంజుకున్న పట్టీతోనే కొలుచుకున్నాను.

ఆ ఏడు వానలు ముందే పడ్డాయి. కొసలు కలిసేసరికి ఏరు ఎర్రబడింది. గుంట పూడ్చేసి ఉంటారనుకుంటూనే బస్సెక్కాను.

గుంట ఉంది. అంచున బకెట్టు ఉంది. గదంతా తడిగా ఉంది. రోజూ పొద్దున, సాయంత్రం నీళ్ళు తోడిపోస్తున్నాడట అన్నయ్య.

కూర్చున్నాను. పట్టీ గుంజుకున్న మేర దూలానికీ నాకూ మధ్య చోటు ఇంకా మిగిలింది. గుంట గోడకు నాన్నగారి మడమలు ఒరిసి ఒరిసి ఏర్పడిన నున్నటి పల్లాల్లో నా మడమలు ఒదిగాయి. నూలు కండె పెట్టిన నాడె విసిరాను. వదిన భోజనానికి ఎన్నిసార్లు పిలిచినా లేవలేదు. పొద్దు వాలేదాకా నేస్తే జానెడు బట్ట వచ్చింది.

"అంచు పాము పాకినట్టుందిరా" అన్నాడు అన్నయ్య. విప్పేస్తాడనుకున్నాను. కోసి నా చేతిలో పెట్టాడు.

ఆ వారంలోనే గుంట పూడ్చారు. మరుసటి ఏడాదికి పొట్ట కొంత తిరిగి వచ్చింది. గమ్యం చేరాక పట్టు సడలుతుందని పుస్తకాలు ముందే చెప్పాయి. గమ్యమే గచ్చు కిందికి పోతే ఏం చేయాలో చెప్పలేదు. అయినా ఇప్పటికీ నడుస్తాను. ఏటి అవతల కొండల వెనక మా ఊరుంది. కొన్ని నెలలు పట్టీ కొసలు కలుస్తాయి, కొన్ని నెలలు కలవవు. కలిసిన రోజున ఎక్కడికో వెళ్ళి కూర్చోవాలనిపిస్తుంది.

పేర్లు వేయొద్దని మా ఆవిడ షరతు పెట్టింది కాబట్టి చేసిన మేలు చెప్పే కృతజ్ఞతలు తెలుపుకుంటాను. రెండో పళ్ళెం తీసేసినందుకు, పట్టీ ఉతికినందుకు కూడా, ఆమెకు. గడువు దాటినా పుస్తకం అడగని గ్రంథాలయం గుమాస్తాగారికి. కొలత సంగతి గుర్తుచేసిన ఆ కొనుగోలుదారు అమ్మగారికి. చల్లారిన అన్నం మళ్ళీ వేడిచేసి పెట్టిన వదినకు. పట్టేసిన మోకాళ్ళతో గుంటలోకి దిగి, నేను వస్తానో రానో తెలియకుండా నీళ్ళు తోడిన అన్నయ్యకు.