మంత్రసానికి దక్కిన చీర

మా అక్క పోయాక నరసరావుపేటలో అందరూ ఆమె హస్తవాసిని తలుచుకుంటున్నారు. నాకు ఒక చీర గుర్తొస్తోంది.

పంతొమ్మిది వందల నలభైల్లో ఆమె డాక్టరుగా కొత్త. శావల్యాపురం పక్క ఊళ్లో ఒక కోడలు రెండు రోజులుగా నొప్పులు పడుతోందని బండి వస్తే, నేనూ తోడు వెళ్లాను. గుమ్మంలో మంత్రసాని అడ్డంగా కూర్చుని ఉంది.

"ఏందమ్మాయ్, పెళ్లిగాని పిల్లవి, కానుపు సంగతి నీకేం తెలుసు?"

"నాకు పుస్తకం తెలుసు పెద్దమ్మా. ఈ పిల్ల సంగతి నీకు తెలుసు, చెప్పు," అంది అక్క.

ముసలామె గుమ్మంలోంచి పక్కకు జరిగి, "బిడ్డ అడ్డం తిరిగింది. నిన్నే చెప్పా, ఎవురూ ఇనలా," అంది.

అక్క పరీక్షించింది. అది నిజమే. ఇద్దరూ కాగిన నీళ్లతో, సబ్బుతో చేతులు కడుక్కున్నారు. ముసలామె పైనుంచి పొట్ట పట్టి ఉంచితే, అక్క బిడ్డను తిప్పి బయటికి తీసింది. తల్లీబిడ్డా దక్కారు.

కానుపు చేసినవాళ్లకు చీర పెట్టడం ఆనవాయితీ. ఇంటివాళ్లు దాన్ని అక్క చేతిలో పెట్టారు. ఆమె మంత్రసానికి ఇచ్చి, "ముందు కనిపెట్టింది ఈమె. ఇకనైనా ఈమె మాట వినండి," అంది.

ఆ తర్వాత ఏ కానుపు కష్టమనిపించినా మంత్రసాని మొదటి రోజే అక్క కోసం బండి కట్టించేది. అక్కను గురించిన నా గర్వమంతా వేళకు చేరిన ఆ బళ్లలోనే ఉంది.